అగ్గి తెగులును పులితో పోల్చడం కరెక్టేనా? మా ఇంట్లో వాదన తేలట్లేదు

తెనాలి కుర్రాడు:

మా మేనకోడలు బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతోంది. వాళ్ళ నాన్న, అంటే మా బావ, బెజవాడలో ఉద్యోగం చేస్తాడు, కాస్త సెలవు దొరికితే చాలు కెమెరా తగిలించుకుని దోర్నాల మీదుగా తుమ్మలబైలు సఫారీకి పోతుంటాడు. మొన్న పండక్కి అందరం కలిసినప్పుడు ఈ పిల్ల ఊరుకోకుండా "నల్లమలలో పులి ఏం చేస్తుందో మన వరి చేలో అగ్గి తెగులు కూడా అదే చేస్తుంది నాన్నా, కాకపోతే దానికి ఫొటోలు తీసేవాళ్ళు లేరు" అంది. బావకి చిర్రెత్తుకొచ్చింది. పులి చూసి, పొంచి, దూకి వేటాడుతుంది, మీ బూజు గాలికి కొట్టుకొచ్చి ఆకు మీద పడుతుంది, దానికీ దీనికీ పోలికేంటి అని ఆయన మొదలుపెట్టాడు. తండ్రీకూతుళ్ళిద్దరూ భోజనాల దగ్గర కూడా ఆపలేదు. మా నాన్న సాంబమసూరి వేసే రైతు, ఆయన మాత్రం "పులొస్తే డప్పులు కొట్టి తరుముతాం, తెగులొస్తే మందు కొట్టీ కొట్టీ మనమే పోతాం" అనేసి లేచి వెళ్ళిపోయాడు.

నేను కామర్స్ వాణ్ని, నాకు రెండు వైపులా సగం సగమే అర్థమైంది. అందుకే ఇక్కడ అడుగుతున్నా. తెగులు శిలీంధ్రాన్ని వేటాడే జంతువు అనొచ్చా, లేక అది జలగ లాంటి పరాన్నజీవేనా? ఇంకోటి, పులి ఉంటే అడవికి మంచిదని అందరూ అంటారు కదా, మరి తెగులు వల్ల కూడా ఎక్కడో ఒకచోట మేలు ఉండాలిగా, లేదంటే ఆ పోలిక అక్కడితో ఆగిపోయినట్టేనా? తెలిసినవాళ్ళు చెప్పండి. గూగుల్ చేసుకో అనేవాళ్ళు దయచేసి పక్కకెళ్ళండి.

ఆకుమచ్చ:

నేను మొక్కల తెగుళ్ళ సబ్జెక్టులోనే ఉన్నాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

మీ బావగారు అన్న "గాలికి కొట్టుకొచ్చి పడుతుంది" అనేది నిజమే, కానీ పడ్డాక ఏం జరుగుతుందో ఆయన చూస్తే అంత తేలిగ్గా తీసెయ్యరు. అగ్గి తెగులు సిద్ధబీజం, అంటే ఆ బూజుకి విత్తనం లాంటిది, మంచు తడి ఉన్న వరి ఆకు మీద వాలగానే ఒక జిగురుతో అతుక్కుంటుంది. కొన్ని గంటల్లో మొలకెత్తి, చివర ఒక చిన్న గోళం కడుతుంది. ఆ గోళానికి లోపలి వైపు నల్లటి మెలనిన్ పూత ఉంటుంది, దాంతో లోపల పోగైన, నీటిని లాగే గ్లిసరాల్ అనే పదార్థం బయటికి పోదు, నీళ్ళు మాత్రం లోపలికి వస్తూనే ఉంటాయి. ఒత్తిడి పెరిగి పెరిగి 80 అట్మాస్ఫియర్ల దాకా వెళ్తుంది. మీ కారు టైర్లో ఉండేదానికి ముప్ఫై అయిదు, నలభై రెట్లు. ఆ బలంతో కింద నుంచి ఒక సన్నటి ముల్లు దించి ఆకు పైపొరను పొడిచేస్తుంది. రంధ్రాల కోసం వెతుక్కోదు, గాయం కోసం ఆగదు, నేరుగా పొడుస్తుంది. మనం కొట్టే ట్రైసైక్లజోల్ చేసే పని కూడా ఇక్కడే, ఆ మెలనిన్ తయారీని ఆపేస్తుంది, పూత లేకపోతే ఒత్తిడి నిలవదు, ముల్లు దిగదు. అందుకే మచ్చ వచ్చేశాక కొట్టేదానికంటే ముందుగా కొట్టిందే బాగా పనిచేస్తుంది.

ఇంతవరకు మీ మేనకోడలిదే పైచెయ్యి. కానీ లోపలికి వెళ్ళాక కథ మారుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు అది కణాలను చంపదు. బతికున్న కణంలోనే, మొక్కకు అనుమానం రాకుండా, దాని రక్షణ వ్యవస్థను జోకొట్టే ప్రొటీన్లు వదులుతూ ఒక కణం నుంచి పక్క కణానికి పాకుతుంది. పులి దుప్పి పొట్టలో మూడు రోజులు కూర్చుని ఆ తర్వాత చంపడం లాంటిది ఏ అడవిలోనూ జరగదు. ఆ గడువు దాటాకే చంపడం మొదలవుతుంది, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ అంచు ఉన్న నూలు కండె ఆకారపు మచ్చలు అప్పుడు కనపడతాయి. అంటే ముందు పరాన్నజీవి, తర్వాత హంతకి. తెగుళ్ళన్నీ ఇలా ఉండవు. మిర్చికొచ్చే బూడిద తెగులు మొక్కను బతికించుకునే తింటుంది, మొక్క చస్తే దానికీ నష్టమే. వరిలో పొడ తెగులు దీనికి పూర్తిగా ఎదురు, ఎంజైములతో ముందు కణజాలాన్ని చంపుకుంటూ పోయి తర్వాత తింటుంది, దాని గింజల్లాంటి ముద్దలు మట్టిలో ఏళ్ళ తరబడి ఉండి దమ్ము చేసినప్పుడు నీళ్ళ మీద తేలి కొత్త దుబ్బుల్ని పట్టుకుంటాయి. మీ బావగారికి పులి లాంటిదే కావాలంటే అగ్గి తెగులును వదిలేసి పొడ తెగులును చూపించండి.

ఇక బాక్టీరియా ఎండాకు తెగులు సంగతి. ఇది శిలీంధ్రం కాదు, బాక్టీరియా. ఆకు అంచుల్లో నీరు కారే రంధ్రాల గుండా లోపలికి పోయి, మొక్క జన్యువుల్లో చక్కెరను బయటికి పంపే వాటిని ఆన్ చేస్తుంది. మొక్క తన చేతులతో తానే చక్కెర తెచ్చి దానికి పెడుతుంది. ఏ పులికీ ఈ తెలివి లేదు, దుప్పి దగ్గరకొచ్చి తొడ కోసి ఇవ్వదు కదా.

అడవిదారి:

పైన మేడమ్ గారు బాగా చెప్పారు. నేను బెజవాడలో ఉంటా, వన్యప్రాణుల మీద ఆసక్తి, ఆ వైపు నుంచి చెప్తా. అన్నా, మీ బావగారు చేసిన పొరపాటు ఏంటంటే పులి గొప్పతనాన్ని దూకడంలో చూస్తున్నారు. అసలు పులి దూకిన వాటిలో చాలాసార్లు గురి తప్పుతుంది. ఏడాదికి యాభై దాకా దుప్పి సైజు జంతువులు దొరికితే ఒక పులికి సరిపోతాయి, అంటే వారానికి ఒకటి. ఆడపులి మూడున్నర నెలలు మోసి రెండు నుంచి నాలుగు పిల్లల్ని కంటుంది, వాటిని రెండేళ్ళు వెంటేసుకుని తిరుగుతుంది, అప్పటిదాకా మళ్ళీ కనదు. నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వు 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది, మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైనే, దేశంలోనే పెద్దది, మన పల్నాడు వైపు కూడా కొంత ఉంది. అంత అడవి ఉండి కూడా పులి లెక్క పెరగడం ఎంత నెమ్మదో పేపర్లు చదివేవాళ్ళకి తెలుసు. తినే జంతువుకంటే తినబడే జంతువు త్వరగా పెరగడమే అడవి లెక్క.

తెగుల్లో ఆ లెక్క తలకిందులు. ఒక్క అగ్గి మచ్చ రోజుకు వేలల్లో సిద్ధబీజాలు వదులుతుందని, అది పదీ పన్నెండు రోజులు సాగుతుందని చదివాను. వరి మొక్క పంటకాలం అంతా కలిపి ఒక్కసారే గింజ వేస్తుంది, ఆ లోపు తెగులు ఎన్ని తరాలు గడిపేస్తుందో చూడండి. పులి సంఖ్యను దుప్పులు అదుపులో పెడతాయి, తెగుల్ని వరి అదుపులో పెట్టలేదు, వాతావరణం పెట్టాలి, లేదా మనం పెట్టాలి. అందుకే మామూలు అడవి వేటతో పోలిక నాకు నచ్చలేదు.

కానీ ఇంకో వేట ఉంది, దాంతో పోలిస్తే మాత్రం మీ అమ్మాయి మాట నూటికి నూరుపాళ్ళు. చిరుత మేకల దొడ్లో పడ్డ సంగతి మీరు వినే ఉంటారు. ఒక మేకను తినడానికి వచ్చి పదీ పదిహేను చంపి పోతుంది, జనం దానికి కసి అంటారు. కసి కాదు. అడవిలో ఒక దుప్పిని పట్టగానే మిగతా మంద పారిపోతుంది, కాబట్టి చంపడం అక్కడితో ఆగుతుంది. దొడ్లో పారిపోయే దారి లేదు, కళ్ళెదుట కదిలేవి అలాగే కదులుతుంటాయి, దాని పంజా ఆగదు. 1972లో హన్స్ క్రూక్ అనే జంతు శాస్త్రవేత్త దీని మీద రాశాడు, చీకటి రాత్రుల్లో నేల మీద గూళ్ళ దగ్గర కదలకుండా కూర్చున్న పక్షుల్ని నక్కలు తినకుండానే వరసగా చంపేసి పోవడం గురించి. తప్పు నక్కది కాదు, ఆ రాత్రి పక్షులు ఎగరలేదు.

ఇప్పుడు తెనాలి నుంచి రేపల్లె దాకా కాలవ గట్టు మీద బండేసుకుని వెళ్ళండి. కంటికి ఆనినంత మేర ఒకటే రకం, ఒకటే వయసు, ఒకటే ఎత్తు, యూరియా వేసి మెత్తగా పెంచిన ఆకు. అది చేను కాదు, తెగులు లెక్కలో దొడ్డి. అక్కడ అగ్గి తెగులు ఎక్కువ తినేస్తోందని తిట్టడంలో అర్థం లేదు, ఎగరలేని పక్షుల్ని వరసగా కూర్చోబెట్టింది మనమే.

గుంటూరు కారం:

ఇంత సైన్సు చదివి నాకు తెలిసిందేంటంటే పండక్కి వీళ్ళింటికి భోజనానికి వెళ్ళకూడదని 😄

తెనాలి కుర్రాడు:

హహ, భోజనం మాత్రం బాగుంటుంది అన్నా, మా అక్క గోంగూర పచ్చడికి ఊరంతా ఫ్యాన్సు.

అడవిదారి అన్నా, దొడ్డి మాట నాకు బాగా ఎక్కింది, బావకి వాట్సాప్‌లో పంపాను, చూశాడు కానీ రిప్లై ఇవ్వలేదు. కానీ ఒక డౌటు. రకాలు మారిస్తే, అంటే పక్క పక్క పొలాల్లో వేరే వేరే రకాలు వేస్తే నిజంగా తగ్గుతుందా? మిల్లుకి ఒకటే రకం కావాలి, రైతు ఏం చేస్తాడు?

మిర్చి ఘాటు:

మాది ప్రత్తిపాడు వైపు, వరి కాదు, మిర్చి. ఇక్కడ అందరూ చదువుకున్నోళ్ళలా ఉన్నారు, నేను పొలం మాట చెప్తా, కోపం తెచ్చుకోవద్దు.

చిరుత దొడ్లో పడితే పేపర్లో ఫొటో వస్తుంది, అటవీ శాఖ వాళ్ళు వచ్చి రాసుకుంటారు, చచ్చిన పశువుకి ఎంతోకొంత పరిహారం ఇస్తారు. కాయకుళ్ళు వచ్చి కళ్ళంలో సగం కాయ తెల్లబడి తాలుకాయ అయితే ఎవడూ రాడు. యార్డుకి తీసుకెళ్తే తాలు రేటు చెప్తారు, అంతే. కాబట్టి పులి గొప్పా తెగులు గొప్పా అంటే, డబ్బు లెక్కన తెగులే. కాయకుళ్ళు విత్తనంతోనే వస్తుంది, పోయినేడు మచ్చ పడ్డ కాయ గింజ ఈ ఏడు నారుమడిలోకి పోసుకుంటే శత్రువుని చంకనెక్కించుకుని తెచ్చుకున్నట్టే. పులి ఎప్పుడన్నా దుప్పి పిల్ల కడుపులో కూర్చుని వచ్చిందా?

ఇంకో మాట. మీరంతా తెగుల్ని పులి పులి అంటున్నారు కానీ పొలంలో అసలు పులి వేరే ఉంది. ట్రైకోడెర్మా. అది కూడా శిలీంధ్రమే, కానీ మొక్కని కాదు, తెగులు శిలీంధ్రాన్ని పట్టుకుంటుంది. దాని పోగుల చుట్టూ తన పోగులు పెనవేసి, గోడ కరిగించి లోపలున్నది తాగేస్తుంది. గుంటూరు పక్కన లాం ఫారం, అదే వ్యవసాయ పరిశోధన కేంద్రం, దగ్గర ఒకసారి మైక్రోస్కోపులో చూపించారు, పాము చుట్టుకున్నట్టే ఉంటది. ఎండు తెగులుకి, నారుకుళ్ళుకి మేం వాడేది ఇదే. తొంభై కిలోల మాగిన పశువుల ఎరువు, పది కిలోల వేపపిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీళ్ళు చల్లి, నీడన గోనెపట్టాలు కప్పి వారం పది రోజులు ఉంచితే తెల్లగా బూజు కడుతుంది, అప్పుడు సాళ్ళలో వెయ్యాలి. ఎండలో పెట్టారో, దాంతో పాటే బూజు మందు కూడా కలిపి పోశారో, చచ్చి ఊరుకుంటుంది. మా ఊరి పక్కన ఒక కొట్లో ఏడాది దాటిన ప్యాకెట్లు అంటగడుతున్నాడు, అందులో జీవం ఉండదు, పొడి మాత్రమే. తారీఖు చూసి కొనండి. దీన్ని పట్టుకుని ఆకు మీదొచ్చే అగ్గి తెగులుకి కూడా పని చేస్తుందని చెప్పేవాళ్ళని మాత్రం నమ్మొద్దు, దాని ఊరు మట్టి.

అడవివాళ్ళు పులి మంచిదంటారు. సరే. నేను ట్రైకోడెర్మా మంచిదంటా. ఎవడి దొడ్డి వాడిది.

పాఠాల మాస్టారు:

నేను గుంటూరులో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. బాబూ, మీ రెండో ప్రశ్న, తెగులు వల్ల మేలుందా అన్నది, ఎవరూ ముట్టుకోలేదు, అసలు విషయం అక్కడే ఉంది.

అడవిలో ఒక చెట్టు కింద దాని గింజలే వందలుగా రాలతాయి. మొలుస్తాయి కూడా. కానీ తల్లిచెట్టు మొదట్లో మొలిచినవి చాలావరకు పెరగవు, దూరంగా పడ్డవి పెరుగుతాయి. తల్లి చుట్టూ ఆ జాతినే తినే పురుగులు, ఆ జాతినే పట్టే మట్టి శిలీంధ్రాలు పోగై ఉంటాయి కాబట్టి అని 1970లో డేనియల్ జాన్జెన్, ఆ మరుసటేడు జోసెఫ్ కానెల్ విడివిడిగా ప్రతిపాదించారు. ఆ ఖాళీల్లో వేరే జాతుల మొక్కలు లేస్తాయి. ఒకే చెట్టు అడవినంతా ఆక్రమించకుండా ఆపేవాటిలో తెగుళ్ళు కూడా ఉన్నాయన్నమాట. పులి జింకల్ని ఎలా ఒకచోట స్థిరంగా మేయనివ్వదో ఇదీ అలాంటిదే. కాబట్టి మేలు ఉంది, కాకపోతే ఆ మేలు అడవికి, మీ నాన్నగారి పొలానికి కాదు. పొలం అంటేనే ఒక జాతి మొత్తం స్థలాన్ని ఆక్రమించడం, తెగులు ఎన్నో లక్షల ఏళ్ళుగా చేస్తున్న పని సరిగ్గా దాన్ని ఆపడం.

అయితే అడవిలో కూడా తెగులు ఎప్పుడూ మర్యాదగా ఉంటుందనుకోకండి. అమెరికా తూర్పు అడవుల్లో చెస్ట్‌నట్ అని పెద్ద చెట్టు ఉండేది, అక్కడ నాలుగు చెట్లలో ఒకటి అదేననే ప్రాంతాలుండేవి. 1904లో దాని బెరడు ఎండిపోవడం మొదటిసారి గమనించింది ఎక్కడో తెలుసా, న్యూయార్క్‌లో బ్రాంక్స్ జూలో. పులుల్ని, సింహాల్ని బోనుల్లో పెట్టి చూపించే చోట, చెట్టు మీద ఇది తిరుగుతోంది! ఆసియా నుంచి తెచ్చిన నర్సరీ మొక్కలతో వచ్చిన శిలీంధ్రం. చైనా, జపాన్ చెస్ట్‌నట్లకి దాంతో పాత సహవాసం, తట్టుకుంటాయి. అమెరికా చెట్టుకి పరిచయమే లేదు. యాభై ఏళ్ళలో 300 కోట్లకు పైగా చెట్లు పోయాయి. వేర్ల నుంచి ఇప్పటికీ పిలకలు వస్తాయి, కాస్త లావు కాగానే మళ్ళీ పట్టుకుంటుంది. ఆస్ట్రేలియాకి ఐరోపా నక్కను వేట సరదా కోసం తీసుకెళ్ళి వదిలితే అక్కడి చిన్న జంతువులకు జరిగింది కూడా ఇదే, అవి ఎన్నడూ నక్కను చూసి ఎరగవు. కొత్త చోట, కొత్త తిండి, అక్కడ మాత్రం జంతువైనా శిలీంధ్రమైనా ఒకటే పద్ధతి.

అగ్గి తెగులు కూడా ఇలాంటి పని చేసింది. దాని బంధువు ఒకటి 1985లో బ్రెజిల్‌లో గోధుమ మీద కనపడింది, 2016లో బంగ్లాదేశ్‌లో తేలి ఆ ఒక్క సీజన్లోనే సుమారు 15 వేల హెక్టార్లను పట్టింది. సముద్రాలు దాటింది ధాన్యం ఓడల్లో అయి ఉండొచ్చని అంటారు. ఇక మన పులి సంగతి, సాగర్ నుంచి శేషాచలం అడవులకి వెళ్ళాలన్నా దానికి మధ్యలో రోడ్లు, ఊళ్ళు దాటే దారి కావాలి.

ఆకుమచ్చ:

మాస్టారూ నమస్కారం, బ్రాంక్స్ జూ సంగతి క్లాసులో చెప్తే పిల్లలు నిద్రలోంచి లేస్తారు.

తెనాలి కుర్రాడు గారు, రకాలు కలపడం మీద అడిగారు. చైనాలో యునాన్ ప్రాంతంలో వేల హెక్టార్లలో చేసి చూశారు, 2000లో ప్రచురించారు. తెగులు తేలిగ్గా పట్టే జిగురు వరిని, తట్టుకునే హైబ్రిడ్ వరుసల మధ్య వరుసగా వేశారు. ఒంటరిగా వేసినప్పటి కంటే జిగురు వరిలో అగ్గి తెగులు 94 శాతం తగ్గింది, దిగుబడి 89 శాతం పెరిగింది. సిద్ధబీజం ఎగిరి పక్క మొక్క మీద పడితే అది తనకు పనికిరాని రకం అవుతుంది, అక్కడే ఎండిపోతుంది. అయితే అక్కడ రెండు రకాల్నీ చేత్తో విడివిడిగా కోశారు. మన దగ్గర కోత మిషనే, మిల్లు ఒకటే రకం అడుగుతుంది, అందుకే ఇది ఇక్కడ ఎక్కలేదు. కనీసం ఊళ్ళో రైతులు నాలుగు రకాలు పంచుకుని బ్లాకులుగా వేసినా ఎంతోకొంత లాభమే, దానికి మాత్రం ఊరంతా ఒక మాట మీద ఉండాలి, అది సైన్సు కంటే కష్టం.

తెనాలి కుర్రాడు:

చాలా థాంక్స్ అండీ అందరికీ. చివరిగా ఒక్కటి, నాన్న అడగమన్నారు. మెరుగైన సాంబమసూరి అని ఒక విత్తనం ఉందట, తెగులు రాదంటున్నారు కొట్లో. వచ్చే సార్వాకి అది వేస్తే మందు ఖర్చు తప్పుతుందా?

ఆకుమచ్చ:

తప్పదండీ, సగమే తప్పుతుంది. బాపట్ల నుంచి 1986లో వచ్చిన మన సాంబమసూరికే, అంటే బీపీటీ 5204కే, హైదరాబాద్‌లో వరి పరిశోధన సంస్థ, జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ కలిసి మూడు జన్యువులు చేర్చి 2008లో విడుదల చేశారు. గింజ, అన్నం పాతదాని లాగానే ఉంటాయి. ఆ మూడూ బాక్టీరియా ఎండాకు తెగులు కోసం పెట్టినవి. నేను పైన చెప్పిన చక్కెర దొంగ ఉంది కదా, ఆ మూడింట్లో ఒకటి దాని స్విచ్‌నే మార్చేసింది, బాక్టీరియా నొక్కినా ఆన్ అవ్వదు. కానీ అగ్గి తెగులుకి, పొడ తెగులుకి ఆ జన్యువులు ఏమీ చేయవు. రాత్రిళ్ళు చల్లబడి పొద్దున మంచు పట్టే రోజుల్లో చేను చూసుకోవాల్సిందే, యూరియా ఒకేసారి గుమ్మరించకుండా మూడు దఫాలుగా వెయ్యాల్సిందే. కొట్లో "తెగులు రాదు" అన్నప్పుడు ఏ తెగులు అని ఒక్క మాట అడగమనండి నాన్నగారిని.